పాట నడకే కొలత: ఇంటి రికార్డింగ్‌కు డ్రమ్స్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం

మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఈ బొగ్గు పట్టణాల్లో పాట కట్టేవాళ్లకూ పాడేవాళ్లకూ కొదవ లేదు. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య పాటలు ఉద్యమాల నోట ఊరూరా తిరిగాయి. ఇవాళ అదే నేల మీద బతుకమ్మ పాట, గూడెం గుట్ట సత్యనారాయణస్వామి పాట, గాంధారి మైసమ్మ పాట, చర్చి పాట, ప్రేమ పాట, ర్యాప్ అన్నీ ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే యువత తయారైంది. లాప్‌టాప్ ఉంటుంది. ఒక మైకు కొంటారు. గొంతు బాగానే పడుతుంది. డ్రమ్స్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది.

అసలు డ్రమ్ సెట్టు సింగరేణి క్వార్టర్‌లో వాయించడం కుదరదు. గనులు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి కాబట్టి ఏ పూట చూసినా పక్క క్వార్టర్‌లో ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి నిద్ర చెడగొట్టే హక్కు ఏ పాటకూ లేదు. ఒకవేళ చోటు దొరికినా, డ్రమ్ సెట్టును సరిగ్గా రికార్డు చేయాలంటే కిక్‌కు ఒకటి, స్నేర్‌కు ఒకటి, టామ్‌లకు రెండు మూడు, పైన సింబల్స్ కోసం రెండు మైకులు కావాలి. అన్ని మైకులను ఒకేసారి తీసుకునే ఇంటర్‌ఫేస్ కావాలి. గోడల ప్రతిధ్వని లేని గది కావాలి. అందుకే ఇంటి రికార్డింగ్ చేసేవాళ్లకు డ్రమ్స్ సాఫ్ట్‌వేరే దారి.

దారి ఒక్కటే అయినా అందులో దుకాణాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఏది మంచిదని వెతుకుతూ నెలలు గడిపేవాళ్లు, పది డెమోలు వేసి ఒక్క పాటా పూర్తి చేయనివాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పేరును బట్టి, సైజును బట్టి, ధరను బట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవద్దు. మీ పాట నడకను బట్టి ఎంచుకోండి. ఎంచుకున్నాక దానితో పాటలు పూర్తి చేయండి.

1. ముందు వస్తువు తెలుసుకోండి

డ్రమ్స్ సాఫ్ట్‌వేర్‌లో వినిపించేది చాలావరకు నిజమైన డ్రమ్మర్ నిజమైన డ్రమ్స్ మీద వేసిన దెబ్బే. ఒక్కో దెబ్బను విడివిడిగా రికార్డు చేసి, మనం కోరినప్పుడు కోరినది మోగేలా అమరుస్తారు. ఈ ఆలోచన 1980లో రూపం దిద్దుకుంది. అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1, నిజమైన డ్రమ్స్ శబ్దాలను డిజిటల్‌గా దాచి వాయించిన తొలి డ్రమ్ యంత్రం. దాని ధర దాదాపు 5,000 డాలర్లు. పేరున్న సంగీత దర్శకులు, పెద్ద స్టూడియోలే దాన్ని కొనగలిగేవి. 1983లో మిడి అనే ఉమ్మడి పద్ధతి వచ్చి, ఏ కంపెనీ వాయిద్యమైనా మరో కంపెనీ యంత్రంతో మాట్లాడగలిగింది. 1996లో స్టెయిన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీ ప్లగిన్ పద్ధతి తెచ్చాక, వాయిద్యాలు మెల్లమెల్లగా కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. ఒకప్పుడు 5,000 డాలర్లకు కూడా దొరకని నాణ్యత ఇవాళ మీ లాప్‌టాప్‌లో ఉచితంగా దొరుకుతోంది.

మిడిలో శబ్దం ఉండదు, సమాచారం ఉంటుంది. ఏ వాయిద్యం, ఏ క్షణంలో, ఎంత బలంగా అన్న మూడు సంగతులే అందులో ఉంటాయి. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రకారం 36వ నంబరు కిక్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్, 46 తెరిచిన హై-హ్యాట్. ఈ నాలుగు నంబర్లు గుర్తుంటే చాలా సాఫ్ట్‌వేర్లలో పని మొదలుపెట్టవచ్చు. దెబ్బ బలాన్ని వెలాసిటీ అంటారు. అది 1 నుంచి 127 వరకు ఉంటుంది.

నాణ్యత తెలుసుకోవడానికి రెండు విషయాలు చూడాలి. మొదటిది వెలాసిటీ లేయర్లు. మెల్లగా కొట్టిన స్నేర్‌కూ గట్టిగా కొట్టిన స్నేర్‌కూ తేడా శబ్దం పెరగడంలోనే ఉండదు, దాని రంగే మారుతుంది. మంచి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో బలానికి విడిగా రికార్డు చేసిన దెబ్బ ఉంటుంది. రెండోది రౌండ్ రాబిన్. ఒకే బలంతో నాలుగుసార్లు కొట్టినా మనిషి చేతిలో నాలుగూ కాస్త తేడాగా పడతాయి. ఆ తేడా కోసం ఒకే దెబ్బకు చాలా రికార్డింగులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి మోగిస్తారు. ఇది లేకపోతే వేగంగా కొట్టే చోట మిషన్‌గన్ మోతలా వినిపిస్తుంది. డెమోలో మొదట వినాల్సింది ఇదే.

2. మీ పాట నడక ఏమిటి?

సాఫ్ట్‌వేర్ వెతకడానికి ముందు ఒక కాగితం తీసుకోండి. వచ్చే ఏడాదిలో మీరు చేయాలనుకునే ఐదు పాటలు రాయండి. ఒక్కోదాని పక్కన రెండు సంగతులు రాయండి. పాట నాలుగు లెక్కన నడుస్తుందా, మూడు లెక్కన నడుస్తుందా? దరువును నడిపించే వాయిద్యం డ్రమ్ సెట్టా, డప్పా, ఢోలకా?

ఇది తేల్చుకోవడం చప్పట్లతో అయ్యే పని. పాట పాడుకుంటూ చప్పట్లు కొట్టండి. రెండు చప్పట్ల మధ్య మాట మూడు ముక్కలుగా విరిగితే అది తిశ్ర నడక. నాలుగుగా విరిగితే చతురస్రం. మన బతుకమ్మ పాటల్లో ఎన్నో మూడు లెక్కన ఊగేవే. బరాత్‌లో, నిమజ్జనంలో మోగే తీన్మార్‌ది కూడా మూడు ఊపే. 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ను కీరవాణి 6/8 నడకలోనే కట్టారు. మన జానపదం ఒంట్లో ఉన్న నడక అది.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో ఇది అసలు కీలకం. ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా పాశ్చాత్య రాక్, పాప్, మెటల్ పాటల కోసం తయారైనవి. వాటిలో వచ్చే రెడీమేడ్ ప్యాట్రన్లలో అధిక భాగం 4/4. మీరు రాసుకున్న ఐదు పాటల్లో మూడు తిశ్రంలో ఉంటే, వెయ్యి 4/4 ప్యాట్రన్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కన్నా యాభై మంచి 6/8 ప్యాట్రన్లు ఇచ్చేది మీకు ఎక్కువ పనికొస్తుంది. కొనేముందు ప్యాట్రన్ల జాబితాలో 6/8, 12/8, షఫుల్ అనే పేర్లతో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రాక్ బ్యాండ్ పెట్టుకున్నవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. జానపదం చేసేవాళ్లకు ఇదే మొదటి లెక్క.

నడిపించే వాయిద్యం డప్పు అయినప్పుడు డ్రమ్ సెట్టు పాత్ర చిన్నదవుతుంది. అడుగున కిక్, పైన సన్నగా హై-హ్యాట్ చాలు. స్నేర్ మోత డప్పుకు అడ్డం వస్తుంది. అలాంటి పాటలకు వందల కిట్లున్న పెద్ద సాఫ్ట్‌వేర్ కొనడం డబ్బు వృథా.

3. మీ కంప్యూటర్, మీ నెట్, మీ కరెంటు

రెండో కాగితం మీద మీ దగ్గరున్న యంత్రం సంగతి రాయండి. ర్యామ్ ఎంత? హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా? ఎంత ఖాళీ ఉంది?

డ్రమ్స్ శబ్దాలు మోగాలంటే ముందు ర్యామ్‌లోకి ఎక్కాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో పెద్ద కిట్ ఎక్కిస్తే అది మొరాయిస్తుంది. 8 జీబీ ఉంటే మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ హాయిగా నడుస్తుంది. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం, కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం కన్నా ఎక్కువ మేలు చేసే ఖర్చు.

సైజు సంగతి ముందే లెక్క వేసుకోండి. సుపీరియర్ డ్రమ్మర్ 3 పూర్తి శబ్దాలు దాదాపు 230 జీబీ. 20 ఎంబీపీఎస్ నెట్‌తో ఆగకుండా దించుకున్నా ఒక రోజుకు పైగా పడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ మీద అయితే 115 రోజులు. అది భాగాలుగా దించుకునే వీలున్నది నిజమే. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటికి అది సరైన మొదటి కొనుగోలు మాత్రం కాదు.

ఇంకొక లెక్క లేటెన్సీ. మీరు కీ నొక్కిన క్షణానికీ శబ్దం చెవికి చేరే క్షణానికీ మధ్య ఆలస్యం అది. సెకనుకు 44,100 శాంపిళ్ల దగ్గర బఫర్ 256 పెడితే ఆలస్యంలో బఫర్ వాటా సుమారు 6 మిల్లీసెకన్లు. 1024 పెడితే 23. ఇంటర్‌ఫేస్, డ్రైవర్ కలిపే ఆలస్యం దీనికి అదనం. మొత్తం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే చేతికీ చెవికీ పొత్తు కుదురుతుంది. వాయించి రికార్డు చేసేటప్పుడు బఫర్ తగ్గించండి, మిక్సింగ్ చేసేటప్పుడు పెంచండి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ వాడండి. చాలామంది సాఫ్ట్‌వేర్ బాగాలేదని వదిలేసేది ఈ సర్దుబాటు తెలియకే.

కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవాళ్లకు యూపీఎస్ తప్పనిసరి. ఆటోసేవ్ ఐదు నిమిషాలకు పెట్టుకోండి.

4. ఏవి ఉన్నాయి? మూడు మెట్లు

మొదటి మెట్టు, ఉచితం. మాండా ఆడియో ఇచ్చే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 చాలా చిన్న సైజు, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, సొంత ప్యాట్రన్లతో వస్తుంది. తెరవగానే విరాళం అడుగుతుంది, ఇవ్వకపోయినా పనిచేస్తుంది. స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5.5 ఫ్రీ ఒక కిట్‌తో వస్తుంది. దాని శబ్దం గట్టిగా, సినిమా మిక్స్‌కు దగ్గరగా ఉంటుంది. లైనక్స్ వాడేవాళ్లకు హైడ్రోజన్, డ్రమ్‌గిజ్మో ఉన్నాయి. ఆపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్‌లోనే డ్రమ్మర్ ఉంది. వేరే ఏదీ దించుకోనక్కర్లేదు. మిగతా ప్లగిన్లకు ఇల్లుగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి కదా. విండోస్‌లో రీపర్‌ను 60 రోజులు పూర్తిగా పరీక్షించి, తర్వాత 60 డాలర్ల వ్యక్తిగత లైసెన్సు తీసుకోవచ్చు.

రెండో మెట్టు, మధ్యస్థాయి. స్వీడన్‌కు చెందిన టూన్‌ట్రాక్ ఈజీడ్రమ్మర్‌ను 2006లో తెచ్చింది, మూడో వెర్షన్ 2022లో వచ్చింది. ఇందులో ఒక గొప్ప సదుపాయం ఉంది. మీ గిటార్ లేదా కీబోర్డు రికార్డింగ్‌ను లాగి అందులో వదిలితే, దాని నడక గ్రహించి తగిన ప్యాట్రన్లు చూపిస్తుంది. సొంతంగా దరువు అల్లడం రాని పాటగాళ్లకు ఇది పెద్ద ఆసరా. అదే దేశపు ఎక్స్‌ఎల్ఎన్ ఆడియో వారి అడిక్టివ్ డ్రమ్స్ 2 2014లో వచ్చింది. శబ్దాల సైజు తక్కువ, తెరుచుకోవడం త్వరగా, కంప్యూటర్ మీద భారం తక్కువ. చిన్న యంత్రం ఉన్నవాళ్లు డబ్బు పెట్టాలనుకుంటే ముందు దీని డెమో చూడాలి.

మూడో మెట్టు, పెద్దవి. సుపీరియర్ డ్రమ్మర్ 3 శబ్దాలను బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో జార్జ్ మాసెన్‌బర్గ్ రికార్డు చేశారు. ఒక్కో మైకునూ విడిగా మిక్స్ చేసుకునే స్వేచ్ఛ ఇస్తుంది. స్నేర్ మోత టామ్ మైకులో ఎంత పడాలో కూడా మీరే నిర్ణయించవచ్చు. ఈ స్వేచ్ఛ మిక్సింగ్ వృత్తిగా చేసేవాళ్లకు వరం. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు అంతులేని మీటల మధ్య దారి తప్పే అవకాశం ఎక్కువ. పదిహేను ఇరవై పాటలు పూర్తి చేసి, నా మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్‌లో ఫలానా పని కుదరడం లేదని వేలు పెట్టి చూపగలిగిన రోజు దీన్ని కొనండి.

మన తాళవాద్యాలు కావాలనుకుంటే స్వార్ సిస్టమ్స్ వారి స్వార్‌ప్లగ్‌లో తబలా, ఢోలక్, మృదంగం వంటివి దొరుకుతాయి. మన ప్రాంతపు డప్పు సంగతి వేరు. అది తర్వాతి మాట.

5. డప్పు కోసం మనిషి దగ్గరికే వెళ్లండి

డప్పుకు మేక తోలు, కర్ర చట్రం, ఒక లావు పుల్ల, ఒక సన్న పుల్ల. మంట దగ్గర కాపితే తోలు బిగిసి గొంతు లేస్తుంది. చల్లబడితే దిగుతుంది. చినుకులు పడే రోజు ఇంకా త్వరగా దిగుతుంది. ఒక్కో వాడకు, ఒక్కో సందర్భానికి దరువు వేరు. ఒగ్గు కథలో డోలు మోత ఇంకొక ప్రపంచం. మంచిర్యాల జిల్లా పక్కనున్న గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో గుస్సాడీ ఆటకు డోలు, తుడుం, పెప్రె మోగుతాయి. ఆ ఆటకే అంకితమైన కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ శబ్దాలను ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ మన కోసం రికార్డు చేసి పెడుతుందని ఎదురుచూడడం కన్నా మనమే రికార్డు చేసుకోవడం మేలు.

పద్ధతి చెబుతాను. డప్పు కళాకారుడిని పిలిచి, ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి. ఈ శబ్దాలను ఏ పాటల్లో వాడబోతున్నారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. పాట వివరాల్లో ఆయన పేరు వేయండి. ఆరుబయట, గాలి లేని వేళ, గోడలకు దూరంగా మైకు రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. డప్పు కాపిన వెంటనే మొదలుపెట్టండి. మధ్యలో మళ్లీ కాపించండి. అప్పుడే మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ స్థాయి కలుస్తుంది.

లావు పుల్ల దెబ్బ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ఒక్కోటి నాలుగుసార్లు. సన్న పుల్ల దెబ్బలూ అంతే. రెండూ కలిపిన దెబ్బ, అంచు మీది దెబ్బ, చేత్తో మూసిన దెబ్బ కూడా తీసుకోండి. ప్రతి దెబ్బ తర్వాత మోత పూర్తిగా ఆగేదాకా ఉండమనండి. చివర్లో ఆయనకు నచ్చిన దరువును మూడు వేగాల్లో, ఒక్కోటి రెండు నిమిషాలు వాయించమనండి. ఈ పొడవాటి వాయింపు బంగారం. విడి దెబ్బల్లో దొరకని ఊపు అందులో ఉంటుంది.

దెబ్బలను ముక్కలు చేసి సిటాలా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేయండి. అందులో 16 ప్యాడ్‌లుంటాయి, ఒక్కో ప్యాడ్ మీదికి ఒక్కో ఫైలు లాగి వదలడమే. మెల్లని దెబ్బ ఒక ప్యాడ్‌లో, గట్టి దెబ్బ ఇంకో ప్యాడ్‌లో పెట్టుకుంటే లేయర్ల పని చేత్తోనే చేయవచ్చు. ఒక పూట శ్రమతో మీ దగ్గర తయారయ్యే ఈ కిట్ మరెవరి పాటలోనూ వినిపించదు.

6. గంట పరీక్ష

రెండే సాఫ్ట్‌వేర్లు ఎంచుకోండి. ఒక్కోదానికి ఒక గంట. రెండింటిలోనూ మీ సొంత పాటే పెట్టండి. కంపెనీ వినిపించే డెమో పాట ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మొదటి పావుగంట: మీ గొంతు రికార్డింగ్ కింద ఒక సాదా ప్యాట్రన్ మోగించండి. మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయా? సింబల్స్ ‘స’, ‘శ’ అక్షరాలను మింగేస్తే ఆ కిట్ మీ గొంతుకు పనికిరాదు.

రెండో పావుగంట: స్నేర్ ఒక్కదాన్నే 20, 60, 100, 127 బలాలతో మోగించండి. రంగు మారుతోందా, శబ్దం పెరగడమేనా? తర్వాత ఒకే బలంతో వేగంగా పదహారు దెబ్బలు వేయండి.

మూడో పావుగంట: మీ పాట నడకలో ఒక ప్యాట్రన్ సొంతంగా రాయండి. రాయడానికి ఎన్ని చోట్ల వెతకాల్సి వచ్చింది? చేతికి అందని సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా మీ పనికి అడ్డమే.

చివరి పావుగంట: కిక్, స్నేర్, మిగతావి విడివిడి ట్రాకులుగా బయటికి వస్తాయో లేదో చూడండి. ప్రాజెక్టు సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవండి. ఎంతసేపు పట్టింది? ఏదైనా పోయిందా?

పరీక్షంతా హెడ్‌ఫోన్స్‌తో చేయండి. లాప్‌టాప్ స్పీకర్లలో కిక్ అడుగు శబ్దం వినిపించదు, కాబట్టి ఆ తీర్పు చెల్లదు. తర్వాత ఫోన్‌లోనూ ఒకసారి వినండి, మీ శ్రోతలు వినేది అందులోనే.

7. దెబ్బలకు ప్రాణం పోయండి

సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా దరువు మీ చేతుల్లోనే ఉంది. డ్రమ్మర్‌కు రెండు చేతులు, రెండు కాళ్లు. ఒకే క్షణంలో హై-హ్యాట్, స్నేర్, క్రాష్ మూడూ కర్రలతో కొట్టడం మనిషికి సాధ్యం కాదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం కృత్రిమత్వం పోతుంది. హై-హ్యాట్ దెబ్బలన్నీ ఒకే బలంతో వేయకండి. లెక్క పడే చోట బలంగా, మధ్యలో మెల్లగా వేయండి. దరువు విరుపులు చరణం చివర వేయండి. పాటలో మాట నడుస్తుండగా డ్రమ్స్ మాట్లాడకూడదు.

మన జానపద గాయకులు క్లిక్ మీద పాడడానికి ఇబ్బంది పడతారు. పాట మెల్లగా ఎత్తుకుని చివరికి వేగం అందుకోవడం వాళ్లకు సహజం. అది లోపమని వాళ్లను బిగించకండి. ముందు ఢోలక్ లేదా చప్పట్లతో గొంతు రికార్డు చేయండి. తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపో మ్యాప్ తయారుచేసి, డ్రమ్స్‌ను గొంతు వెంట నడిపించండి. రీపర్‌లో ఇది కుదురుతుంది. పని ఎక్కువే, కానీ పాట ఊపిరి పాటకే మిగులుతుంది.

మీకు వాయించడం రాకపోతే ఊళ్లో ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించే కళాకారుడిని పిలవండి. రోలాండ్ ఆక్టాప్యాడ్ వంటి వాటికి మిడి అవుట్ ఉంటుంది. దాన్ని మీ కంప్యూటర్‌కు కలిపితే ఆయన చేతి దెబ్బలు మీ సాఫ్ట్‌వేర్ శబ్దాలతో మోగుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పది గంటలకు వాయించినా పక్క క్వార్టర్‌కు వినిపించేది ప్యాడ్ మీద కర్ర తగిలిన చప్పుడే. కింద మందపాటి చాప వేస్తే అదీ తగ్గుతుంది. ఆయన చేతిలో ఏళ్ల తరబడి పెళ్లిళ్లు, జాతరలు, స్టేజీలు ఉన్నాయి. ఏ ప్యాట్రన్ల జాబితాలోనూ ఆ అనుభవం దొరకదు.

8. డబ్బు, లైసెన్సు

చేతిలో కొద్ది డబ్బే ఉంటే ఈ వరుసలో ఖర్చు చేయండి: మంచి హెడ్‌ఫోన్స్, మైకు, ఇంటర్‌ఫేస్, ఎస్‌ఎస్‌డీ, ఆఖర్న డ్రమ్స్ సాఫ్ట్‌వేర్. ఉచిత కిట్‌తో చేసిన పాటను మంచి హెడ్‌ఫోన్స్‌లో సరిగ్గా మిక్స్ చేస్తే అది నిలబడుతుంది. ఖరీదైన కిట్ కూడా వినికిడి సరిగ్గా లేని మిక్స్‌ను కాపాడలేదు. కొనేవాళ్లు తొందరపడొద్దు. ఈ కంపెనీలు ఏటా నవంబరు చివర తగ్గింపులు ఇవ్వడం మామూలే.

క్రాక్ చేసిన కాపీలు వాడకండి. వాటితో వైరస్‌లు వస్తాయి, ఒక్క పూటలో మీ రికార్డింగులన్నీ పోవచ్చు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. రేపు మీ పాటను ఎవరైనా దొంగిలిస్తే బాధపడే మనిషి మీరు. ఇతరుల శ్రమను మీరు ఎలా చూస్తారో అందులోనే మీ వృత్తి విలువ తేలుతుంది. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేవి చాలినన్ని ఉన్నప్పుడు దొంగ కాపీ అవసరమే లేదు.

డ్రమ్స్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు సాధారణంగా వాటి శబ్దాలను మీ పాటల్లో, డబ్బు వచ్చే పాటల్లో కూడా, వాడుకోనిస్తాయి. ఆ శబ్దాలను విడిగా అమ్ముకోనివ్వవు. లైసెన్సు పేజీ ఒకసారి చదవండి. ఎక్కడో దొరికిన రెడీమేడ్ లూప్ యథాతథంగా వాడితే అదే లూప్ వాడిన మరొకరి పాటతో కాపీరైట్ పేచీ రావచ్చు. సొంతంగా రాసిన ప్యాట్రన్‌కు ఆ భయం లేదు.

9. తేల్చేయండి

ఎంపికలో కాలయాపనకు కారణం చాలాసార్లు భయం. తప్పుది కొంటానేమో, ఇంకా మంచిది ఉందేమో అన్న గుబులు. దానికి మందు గడువు. ఈ వారం ఇలా చేయండి.

మొదటి రోజు ఐదు పాటల కాగితం, యంత్రం కాగితం రాయండి. రెండో రోజు వాటికి సరిపోయే రెండు సాఫ్ట్‌వేర్లు మాత్రమే దించుకోండి. డబ్బు పెట్టకపోతే రెండూ ఉచితమైనవే తీసుకోండి. మూడో రోజు గంట పరీక్షలు చేయండి. నాలుగో రోజు ఒకటి ఉంచి రెండోది తీసేయండి. ఐదో రోజు మీ పాటకు పల్లవి వరకు దరువు రాయండి. ఆరో రోజు చరణాలు పూర్తి చేయండి. ఏడో రోజు మిక్స్ చేసి, సంగీతం తెలిసిన ఒకరికి, ఏమీ తెలియని ఒకరికి వినిపించండి. తెలిసినవాళ్లను దరువు గురించి అడగండి. తెలియనివాళ్లను మాటలు అర్థమయ్యాయా అని అడగండి. ఇద్దరి జవాబులూ రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత ఐదు పాటలు పూర్తయ్యేదాకా సాఫ్ట్‌వేర్ మార్చవద్దు. ఐదో పాట దగ్గరికి వచ్చేసరికి మీకేం కావాలో మీ పాటలే చెబుతాయి. అప్పుడు కొనేది అవసరంతో కొంటారు, ఆశతో కాదు. మీ ఎంపిక సరైనదా కాదా అన్న తీర్పు ఇచ్చేది పూర్తయిన పాట ఒక్కటే. దాన్ని పూర్తి చేయండి.